విత్తనానికి పెట్టిన కాయలు

ప్రశ్న: సార్, నమస్తే. మాది కళ్యాణదుర్గం దగ్గర ఒక పల్లె. అనంతపురంలో ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్తాను. పదేళ్లుగా కథలు రాస్తున్నాను, పదహారు అచ్చయినాయి. మూడేళ్ల కిందట బ్లాగు తెరిచి, ప్రతి ఆదివారం ఒకటి రాయాలని నియమం పెట్టుకున్నాను. మొదటి ఏడాది హుషారుగా సాగింది. ఇప్పుడు శనివారం వస్తుందంటేనే గుబులు. ఈ మూడేళ్లలో రాసిన కథలు రెండే రెండు. అందులో ఒకటి బ్లాగులో ముందే పెట్టానని పత్రికవాళ్లు తిప్పి పంపారు. మా పెద్దమ్మ ఎద్దులమ్మిన సంగతి బ్లాగులో రాస్తే అందరూ మెచ్చుకున్నారు, మా పెద్దమ్మ కొడుకు, మా అన్న, మాత్రం నాతో మాట్లాడటం మానేశాడు. పేర్లు మార్చాను కదా అంటే, పేరు మారిస్తే ఎద్దులు మారతాయా అని అడిగాడు. ఆ ఎద్దుల సంగతే కథ చేద్దామని కూర్చుంటే ఒక్క పేజీ కదలడం లేదు. బ్లాగు మూసెయ్యమంటారా, నడపమంటారా?
– ఒక కథకురాలు, అనంతపురం

సమాధానం: అమ్మా, ఉత్తరంతో పాటు మీరు పంపిన లింకు పట్టుకుని మీ బ్లాగులోకి పోయి ఒక పూటంతా అక్కడే ఉన్నాను. నూటనలభై దాకా టపాలున్నాయి. (మేము బ్లాగులు మొదలుపెట్టిన కాలంలో పోస్టును టపా అనేవాళ్లం. ఆ మాట నా నోటికి ఇంకా అంటుకునే ఉంది, ఓర్చుకోండి.) పెద్దమ్మ ఎద్దుల టపా మూడుసార్లు చదివాను. బాగుంది. అంత బాగా రాసేసినందుకే మీకు కథ రావడం లేదని నా అనుమానం.

ముందు నా సంగతి ఒకటి చెప్పి, తర్వాత మీ దగ్గరికొస్తాను.

2009లో నేనూ బ్లాగు తెరిచాను. అప్పుడు తెలుగు బ్లాగులకు మంచి ఊపు. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు చేసిపెట్టే లేఖినిలో టైపు చేసుకోవడం, కొత్త టపాలన్నీ ఒకచోట చూపించే కూడలి, హారం అనే సంకలినుల్లో మన టపా పేరు కనబడిందా లేదా అని పది నిమిషాలకోసారి చూసుకోవడం, ఇదే పని. ఆ ఎండాకాలం మా చేన్లో బోరు వేయించాం. నీళ్లు చూసే ఆయన్ని పిలిపించాడు మా నాయన. మీకు తెలిసిందేగా, అరచేతిలో టెంకాయ అడ్డంగా పెట్టుకుని, కళ్లు సగం మూసుకుని, చేనంతా తిరుగుతారు. నీళ్లున్న చోట టెంకాయ లేచి నిలబడాల. మా చేన్లో తూర్పు గట్టు దగ్గర, వేపచెట్టుకు కాస్త ఇవతల, నిజంగానే నిలబడింది. అక్కడ మూడు రాళ్లు పెట్టి కుంకుమ చల్లినాం. తిరుచెంగోడు రిగ్గు లారీ వచ్చింది. నాలుగువందల ఇరవై అడుగులు దిగింది. తెల్లటి రాతిదుమ్ము తప్ప ఒక్క చుక్క తడి లేదు. ఆ దుమ్ము మా నెత్తిన, వేపచెట్టు మీద, పక్కచేన్లో మేస్తున్న మేకల మీద పడి అందరం పిండిమర లోంచి వచ్చినట్లయ్యాం.

ఆ రాత్రే టపా రాశాను. మూడొందల మాటలు. టెంకాయ నిలబడింది, మేం కూలబడ్డాం అని ముగించాను. చదివినవాళ్లంతా పడీపడీ నవ్వారు. అమెరికా నుంచి ఒకాయన వాళ్లూరి టెంకాయ కథ చెప్పాడు, ఇంకొకాయన దానికి శాస్త్రం లేదని తగువు పెట్టుకున్నాడు. రెండు రోజులు నేను నేల మీద నడవలేదు.

టపాలో రాయనిది ఒకటుంది. దుమ్ము అణిగినాక ఆ నీళ్లు చూసినాయన లారీ టైరుకు ఆనుకుని కూర్చున్నాడు. టీ ఇస్తే తాగలేదు. మా నాయన ఒప్పుకున్న దుడ్లు చేతిలో పెడితే, మళ్లీ మా నాయన జేబులోనే పెట్టి, "వద్దులేన్నా, ఆ టెంకాయ మాత్రం ఇప్పియ్యి" అన్నాడు. ఎందుకని ఎవరం అడగలేదు. టవల్లో మూటగట్టి సైకిలు హ్యాండిలుకు తగిలించుకుని పోయాడు. ఇది పెడితే నవ్వు చెడుతుందని టపాలోంచి తీసేశాను. ఏడాది తర్వాత కథ చేద్దామని కూర్చుంటే, ఏ వాక్యం మొదలుపెట్టినా ఆ నవ్వు గొంతే వచ్చింది. ఆయన టెంకాయ ఎందుకు అడిగాడో నాకు అప్పటికీ తెలీదు. తెలుసుకోవాలన్న దురద కూడా అప్పటికి తీరిపోయింది. ఆ దురద ఉంటేనే కదా కథ! అది ఈరోజుకీ రాయలేదు.

మా ఇంట్లో బుడ్డలు (వేరుశనగ కాయలు) ఇంటికి చేరినాక మా అమ్మ విత్తనానికని రెండు మూటలు వేరే కట్టి అటక మీద పెట్టించేది. జూన్, జూలైలో పదును దొరికేదాకా వాటి మీద చెయ్యి పడకూడదు. మేము పిల్లకాయలం, గోనెసంచికి పుల్లతో బొక్క పెట్టి రోజుకు గుప్పెడు లాగి పొయ్యిలో కాల్చుకు తినేవాళ్లం. ఒక ఏడు మూట దించి చూస్తే సగానికి సగం లేవు. మా అమ్మ కొట్టలేదు. "తిన్యారు సరే, చేనికేం ఏసేది?" అనింది. మీరు ప్రతి ఆదివారం చేస్తున్నది ఇదే. కాల్చిన బుడ్డలు కమ్మగానే ఉంటాయి, నలుగురికి పంచొచ్చు. తప్పు వాటి రుచిలో లేదు, మీరు ఏ మూటలోంచి తీస్తున్నారన్న దాంట్లో ఉంది.

టపాకూ కథకూ ఒక తేడా ఉంది. టపా రాసేటప్పుడు శనివారం రాత్రికల్లా విషయం మీకు అర్థమైపోయి ఉండాల. లేకపోతే ముగింపు రాదు. కథకు అర్థం కాకపోవడమే పెట్టుబడి. పెద్దమ్మ ఎందుకట్ల చేసిందో తెలీక, తెలుసుకోవడానికి ఇరవై పేజీలు రాస్తాం. మీరు ఆదివారం పొద్దున్నే తీర్పు చెప్పేశారు: "రైతుకు ఎద్దులంటే బిడ్డలు" అని. కింద నలభైమంది కళ్లు చెమ్మగిల్లాయని రాశారు. ఇంక కథకు ఏం పని మిగిలింది?

వారం వారం రాసినవాళ్లు మనకు లేరా అని మీరు అడగొచ్చు. మన తరిమెలలో 1915లో పుట్టిన విద్వాన్ విశ్వం ఉన్నారు. ఆంధ్రప్రభలో 'మాణిక్యవీణ' శీర్షిక నడిపిన చేత్తోనే సీమ కరువు మీద 'పెన్నేటి పాట' రాశారు. అయితే ఆయనకు పత్రిక ఉద్యోగం. పత్రికలో శీర్షిక రాసేవాడికి ఏరోజు సరుకు ఆరోజు లోకమే తెచ్చిపెడుతుంది. మీ బ్లాగుకు సరుకు తెచ్చేది మీరొక్కరే. అదీ కథల గాదెలోంచే తెస్తున్నారు.

అందుకని మూసెయ్యమని నేను చెప్పను. గాదె మార్చమంటాను. మీ ఇంట్లో, మీ ఊళ్లో నిద్రపట్టనివ్వని సంగతి ఏదైనా సరే, అది కథై అచ్చయ్యేదాకా బ్లాగు గడప తొక్కకూడదు. నోటుపుస్తకంలో రాసుకోండి, అదీ వాక్యాలుగా వద్దు, ముక్కలుగా. మంచి వాక్యం పడిందంటే దాన్ని ఎవరికో ఒకరికి చూపించాలని చెయ్యి లాగుతుంది. అది మనుషులకుండే బలహీనతే, నాకూ ఉంది.

మరి బ్లాగుకు ఏం రాయాల అంటారా? మీరు తెలుగు చెప్తారు కదా. మీ అమ్మ, పెద్దమ్మ రోజూ వాడే మాట ఒకటి పట్టుకుని బ్రౌను నిఘంటువులో ఉందో లేదో చూడండి. ఆ నిఘంటువు 1850ల్లో అచ్చయింది. బ్రౌను దొర కడపలో చాలాకాలం ఉన్నవాడు, మన మాటలు చెవిన పడ్డవాడు. ఉంటే ఏ అర్థంతో ఉంది, ఇప్పుడు మీ ఊళ్లో ఏ అర్థంతో వాడుతున్నారు, లేకపోతే ఎందుకు లేదు? కడపలో ఆయన పేరుమీదున్న గ్రంథాలయానికి ఒక సెలవురోజు బస్సెక్కి పోయిరండి, ఆ ప్రయాణమే ఒక టపా. మీరు చదివిన పాత కథ గురించి రాయండి. మీ తరగతిలో ఏడో క్లాసు పిల్లోడు ఒత్తులు ఎందుకు మింగుతాడో రాయండి. అచ్చయిన మీ కథలోంచి సంపాదకుడు కొట్టేసిన పేరా పెట్టి, కొట్టెయ్యడం ఎందుకు మంచిదయిందో చెప్పండి (లేదా ఎందుకు అన్యాయమో, తిట్టుకోవడం మన హక్కు). ఇవన్నీ తినే కాయలు, ఎన్ని పంచినా చేనుకు నష్టం లేదు.

ఇంక తిరిగొచ్చిన కథ సంగతి. పత్రికవాళ్ల మీద కోపం పెట్టుకోవద్దు. హామీపత్రంలో మీరేం రాసి సంతకం పెడతారో గుర్తు చేసుకోండి: ఇది నా సొంత రచన, అనువాదం కాదు, అనుకరణ కాదు, ఇంతకుముందు ఎక్కడా ప్రచురితం కాలేదు. ఈ ఎక్కడా అన్నదాంట్లో బ్లాగు, ఫేస్‌బుక్కు, వాట్సప్ గ్రూపు అన్నీ వస్తాయని ఇప్పుడు చాలా పత్రికలు, పోటీలు పెట్టేవాళ్లు విడిగా రాసి మరీ చెప్తున్నారు. బ్లాగులో పెట్టినందుకు మీ హక్కేమీ పోదు. 1957 కాపీరైటు చట్టం ప్రకారం రాసిన క్షణం నుంచి అది మీదే, మీ తర్వాత ఇంకో 60 ఏళ్లు మీ వారసులది. పోయేది మొదటిసారి వేసుకునే అవకాశం ఒక్కటే, పత్రిక కోరేది కూడా దాన్నే. ఇప్పుడు టపా తీసేసి ఇంకో పత్రికకు పంపుదామన్న ఆలోచన ఉంటే మానుకోండి. ఎవరో ఒకరి ఫోనులో స్క్రీన్‌షాటు ఉంటుంది. కథ అచ్చయిన తర్వాత, ఎంతకాలానికి పెట్టుకోవచ్చో సంపాదకుణ్ణి ఒక మాట అడిగి, ఫలానా పత్రిక ఫలానా సంచిక అని కింద రాసి పెట్టుకోండి. అప్పుడు బ్లాగు మీ కథలకు బీరువా లాగా పనికొస్తుంది.

కథను బ్లాగులో పెట్టడంలో ఇంకో తిప్పలుంది, మీరు గమనించారో లేదో. మీరు బ్లాగులో పెట్టిన ఆ కథలో భర్త క్రికెట్ బెట్టింగుల్లో పడి ఇల్లు కుదువ పెడతాడు. కథ చెప్పేది భార్య, 'నేను' అని. దానికి పైనున్న టపాలో కూడా 'నేను', కాకపోతే అది స్కూలు పిల్లల్ని లేపాక్షి తీసుకుపోయిన నిజమైన మీరు. ఫలితం? కథ కింద ముగ్గురు మిమ్మల్ని ఓదార్చారు. ఒకావిడ లాయరు నంబరు ఇస్తానంది! మీ ఆయన చూశారో లేదో. చూసుంటే ఆ మనిషి ఓపికకు దండం పెట్టాల. అచ్చుపత్రికలో 'కథ' అన్న చిన్న అక్షరాలు, పక్కన బొమ్మ పాఠకుణ్ణి గడప దాటించి తీసుకుపోతాయి. బ్లాగులో ఆ గడప మీరే కట్టాల. డైరీ ఒక పక్క, కథలు ఇంకో పక్క, పైన పెద్దక్షరాలతో కథ అని.

ఇది చెప్పడం కష్టంగానే ఉంది గానీ చెప్తాను. మీ మొదటి ఏడాది టపాల్లో మీ అమ్మ వస్తుంది. "పొద్దు మునిగింది, లైటెయ్యి" అంటుంది. అంతే. ఆ ఒక్క ముక్కకు నాకు మీ ఇల్లంతా కనబడింది. మూడో ఏడాది టపాల్లో అదే అమ్మ నోరు తెరిస్తే సామెత, ఏం మాట్లాడినా "యాడికి పోతివి, ఏంటికి వస్తివి". మూడేళ్లలో ఆమె సామెతల పుస్తకమైపోయింది. ఎందుకో వ్యాఖ్యలు చూస్తే తెలిసింది. హైదరాబాదు నుంచి, బెంగుళూరు నుంచి, సముద్రాల అవతల నుంచి "మీ సీమ యాస భలే ఉందండీ" అని మెచ్చుకుంటున్నారు. మెచ్చుకోళ్లకు మనం మనకు తెలీకుండానే వొంగుతాం. సీమ అంటే సినిమావాళ్లు బాంబులు కోరుకున్నట్లు, బ్లాగు పాఠకులు యాస కోరుకుంటారు. కథలో మీ అమ్మ యాస ఆమె కోపాన్ని, అలసటను మోయడానికి ఉండాల, దూరాన ఉన్నవాళ్లు ఊరు తలుచుకుని మురవడానికి కాదు. ఈ విషయంలో మీ చెవినే నమ్మండి. ఊరికి పోయినప్పుడు ఒక గంట ఊరకే కూర్చుని వినండి. మన పెద్దవాళ్లు ఎంత తక్కువ మాట్లాడతారో!

దీనికి ఇంకో మందు, మెచ్చుకోని పాఠకుడు ఒక్కడన్నా ఉండటం. కడపలో 'సంవేదన' పత్రిక నడిపిన రా.రా. (రాచమల్లు రామచంద్రారెడ్డి) లాంటి విమర్శకుడి కంటబడితే ఒక్కో వాక్యానికి లెక్క చెప్పుకోవాల్సి వచ్చేది. అట్లాంటివాళ్లు వ్యాఖ్యల్లో దొరకరు. ఊళ్లో ఒకరిని వెతుక్కోండి. అనంతపురంలో కథ రాసేవాళ్లకు కొదవ లేదు, కథ మీద పోట్లాడేవాళ్లకు అసలే లేదు. చిత్తుప్రతి వాళ్లకివ్వండి. ఎంతమంది చూశారన్న అంకె చూడటం మాత్రం మానెయ్యండి. అందులో సగం మనుషులే కాదు, రాత్రంతా వెబ్ సైట్లు తిరిగే యంత్రాలు.

మీ అన్న గురించి. "పేర్లు మార్చాను కదా" అని రాశారు. "పేరు మారిస్తే ఎద్దులు మారతాయా?" అని ఆయన అడిగాడని కూడా మీరే రాశారు. ఆయన అడిగింది న్యాయమే. టపాలో 'నేను' మీరైనప్పుడు, మీ పెద్దమ్మ మీ పెద్దమ్మే, అప్పు చేసిన కొడుకు ఆయనే. ఊళ్లో ఆ రంగు కొమ్ముల జత ఇంకెవరికీ లేదు. కథలో అయితే మీకు దారులున్నాయి. ఎద్దుల్ని గొర్రెల మంద చెయ్యొచ్చు, కొడుకును అల్లుడు చెయ్యొచ్చు, అప్పు బోరుకు బదులు ఆస్పత్రికి చెయ్యొచ్చు, ఊరిని రాయదుర్గం అవతలికి జరపొచ్చు. అంత మార్చినా బాధ మాత్రం అట్లనే మిగిలి ఉంటే అది కథ. ఏదీ మార్చలేకపోతే అది వాళ్లింటి సంగతి, మీరు చెప్పాలంటే వాళ్లను అడిగి చెప్పాల. ఆ టపా ఈరోజే తీసేయండి. తీసేసినంత మాత్రాన లోకంలో లేకుండా పోదు, కానీ మీరు తీశారని ఆయనకు తెలుస్తుంది. ఫోను వద్దు. మనిషి పోయి, ఆ ఇంట్లో సంగటి తిని రండి. క్షమించమని పెద్ద మాటలు అవసరం లేదు, ఆయనే ఏదో ఒకటి తిడతాడు, పడండి.

ఇంక ఆదివారం నియమం. ప్రైవేటు బడి ఉద్యోగం, ఇల్లు, పేపర్లు దిద్దడం, వాటి మధ్య వారానికొకటి రాయమని మీ మెడ మీద కత్తి పెట్టినవాళ్లెవరూ లేరు. అమావాస్యకో పున్నానికో అంటారే, దాన్ని నిజంగానే పాటించండి. అమావాస్యకొక టపా. క్యాలెండరులో ఎట్లాగూ ఉంటుంది, గుర్తుపెట్టుకునే పని లేదు. మిగిలిన మూడు ఆదివారాలు కథవి. మొదటి రెండు నెలలు ఆ ఆదివారాల్లో ఏమీ రాయలేరు, ముందే చెప్తున్నా. అలవాటు పడ్డ చెయ్యి మెచ్చుకోలు కోసం ఫోను వైపే పోతుంది. పోనివ్వండి, కూర్చునే ఉండండి. పాఠకులు వెళ్లిపోతారన్న భయముంటే, కొందరు వెళ్లిపోతారు. నా బ్లాగుకు వచ్చే జనం సగం ఫేస్‌బుక్కుకు పోయారు, ఆ సంకలినులు కూడా ఇప్పుడు లేవు. మిగిలిన పాతికమందీ నాకు చాలు.

ఇన్నేళ్ల రాతను ఇంకొకరి కంప్యూటరులో వదిలెయ్యకండి. యాహూ గ్రూపులు 2020లో మూతబడ్డప్పుడు ఏళ్ల తరబడి జరిగిన సాహిత్యచర్చలు వాటితో పోయాయి. రెండేళ్లు తెరవని ఖాతాలను తీసేస్తామని గూగుల్ 2023లో ప్రకటించింది. బ్లాగు సెట్టింగుల్లో బ్యాకప్ ఉంటుంది, నెలకొకసారి దించుకుని పెన్‌డ్రైవులో వేసుకోండి. నచ్చినవి కాగితం మీద అచ్చు తీసి ఫైలులో పెట్టండి. అంతే, దీని గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు.

ఇప్పుడు ఎద్దుల కథ. అది నా టెంకాయ లాగా పోయినట్లేనా అని మీకు దిగులుండొచ్చు. పోలేదనుకుంటున్నాను. మీ టపా ఏడో పేరాలో, టెంపో ఎక్కించేటప్పుడు, ఒక అర్ధవాక్యం ఉంది: "పలుపుతాళ్లు మాత్రం పెద్దమ్మ ఇవ్వలేదు." ఆ వెంటనే కన్నీళ్లలోకి వెళ్లిపోయారు, మళ్లీ తాళ్ల ఊసు లేదు. కింద నలభైమందిలో ఒక్కరూ దాన్ని గమనించలేదు. మీరు కూడా గమనించలేదనే అనుకుంటున్నాను, గమనించి ఉంటే దాని మీద రెండు పేరాలు రాసి పాడుచేసేవాళ్లు.

సంగటి తినడానికి పోయినప్పుడు కొట్టంలోకి ఒకసారి తొంగిచూడండి. ఆ తాళ్లు ఇప్పుడు ఎక్కడున్నాయి? గోడకు తగిలించి ఉన్నాయా, బావి చేదకు కట్టిందా, బట్టలు ఆరేసుకుంటోందా? పెద్దమ్మను అడగాలనిపిస్తే అడగండి, అడగలేకపోతే ఇంకా మేలు. తెలిసిన సంగతి నాకు రాసి పంపొద్దు.